ఇంటిపేరును బట్టి ఉద్యోగం

"ఇవాళ ఇన్‌స్పెక్షన్. వచ్చినాయన ఏమన్నా తలూపి ఇంటికి రండి. కొత్త ప్రయోగాలేం పెట్టుకోకండి," అని చొక్కా అందిస్తూ భార్య హెచ్చరించింది. నీటి సరఫరా ఆఫీసులో ఆయన ఆరునెలలుగా ఇన్‌ఛార్జి సూపరింటెండెంటు. ఇన్‌స్పెక్టరు మంచిమాట రాస్తే ఆ కుర్చీ ఖాయం. లేకపోతే మళ్ళీ గుమాస్తా బల్లే గతి.

"నువ్వలా చూస్తూ ఉండు," అన్నాడాయన. పెళ్ళయినప్పట్నుంచీ ఆవిడ చూస్తూనే ఉంది పాపం.

ముందురోజు ఆయన ఇంటిపేర్ల పుట్టుక గురించిన పుస్తకమొకటి ఏకబిగిన చదివేశాడు. వెనకటివాళ్ళు చేసిన పనే చాలామందికి ఇంటిపేరయిందని అందులో ఉంది. మిగతాది ఆయన బుర్రలో పుట్టింది. పేరు తరతరాలుగా వస్తుంటే పనితనం మాత్రం రాకుండా ఎక్కడికి పోతుంది?

పదింటికల్లా సిబ్బందిని నిలబెట్టాడు. "డ్రైవరూ, మీ ఇంటిపేరుకి రాతగాళ్ళని అర్థం. నువ్వు ఫైళ్ళు రాయి. టైపిస్టమ్మా, మీవాళ్ళు బండ్లు తోలినవాళ్ళు. జీపేసుకెళ్ళి స్టేషన్నుంచి ఇన్‌స్పెక్టరుగారిని తీసుకురా."

"నాకు సైకిలు కూడా రాదండీ! అయినా అది మా అత్తారింటి పేరు. నా రక్తంలో ఎందుకుంటుంది?"

"ఇన్నేళ్ళ కాపురంలో కొంతైనా అంటుకునే ఉంటుందిలేమ్మా."

డ్రైవరు ఆవరణలో ఆవిడకి పాఠం మొదలుపెట్టాడు. మొదటి గేరు అయ్యేసరికి రైలు టైమైపోయింది.

గంటన్నర తర్వాత వీధిలో జీపు మూలుగు వినిపించింది. ఆ వెంటనే గేటు పడిపోయిన చప్పుడు. ఇన్‌స్పెక్టరు ఊడిపోయిన జీపు అద్దం చేత్తో పట్టుకుని లోపలికొచ్చాడు.

"ఆవిడకి లైసెన్సుందా?"

"టైపు హయ్యరు పాసయిందండీ."

ఇంకొకరైతే అక్కడే కాళ్ళబేరానికొచ్చేవారు. ఈయన ఛాతీ విరుచుకుని సిద్ధాంతమంతా వినిపించాడు. ఇన్‌స్పెక్టరు అంతా విని, డ్రైవరు ముందున్న ఫైలు లాక్కున్నాడు. మూడేళ్ళుగా నలభై పేజీలకు పెరిగిన పైపు ఫిర్యాదు అది. చివర డ్రైవరు రాసింది రెండే ముక్కలు: "పైపు పగిలింది నిజమే. రోజూ జీపు ఆ గుంటలోనే దిగుతోంది, మార్చేయండి."

సూపరింటెండెంటు ఆ ఫైలు వెనక్కి లాక్కోబోయాడు. ఇన్‌స్పెక్టరు మొహం మాత్రం విప్పారింది.

"నా ఇరవై ఏళ్ళ సర్వీసులో అర్థమైన ఫైలు ఇదొక్కటేనయ్యా! మీ సిద్ధాంతంలో పసుంది."

"నేను చెప్పలేదాండీ!" కుర్చీ ఖాయమైపోయిందని ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

"అయితే అందరికీ ఒకటే రూలు. ఇంతకీ మీ ఇంటిపేరుకి అర్థమేంటి?"

సూపరింటెండెంటు గొంతు సవరించుకున్నాడు. మాట మాత్రం చిన్నగా వచ్చింది. "వీధిదీపాలు వెలిగించేవాళ్ళండీ."

"సూపరింటెండెంట్లని అర్థమొచ్చే ఇంటిపేరు?"

"పుస్తకంలో... లేదండీ."

"అయితే రాతగాళ్ళే దానికి దగ్గర," అంటూ ఇన్‌స్పెక్టరు కలం తీశాడు. సాయంత్రానికి ఆ కుర్చీలో డ్రైవరు మొహమాటంగా కూర్చున్నాడు.

మర్నాడు అందరికంటే ముందొచ్చి ఆఫీసులో లైట్లన్నీ వేసింది మాజీ సూపరింటెండెంటే.