తొంభై రోజుల సంచి

"ఇక ప్లాస్టిక్ చెత్త మట్టిలో కలిసిపోవడం ఖాయం" అని మంత్రి సీతారాంరావుగారు ప్రకటించారు. పంతొమ్మిది వందల తొంభై ఎనిమిది ఎండాకాలంలో, కరీంనగర్ జిల్లాలోని ఓ చిన్న మునిసిపాలిటీలో, మక్కజొన్న పిండితో చేసిన సంచిని పైకెత్తి చూపించి, గుంతలో వేసి, పిడికెడు మట్టి కప్పారు. తొంభై రోజులకు ఎరువవుతుందట. ఆ రోజున తానే వచ్చి చూస్తానన్నారు. గుంత పూచీ శానిటరీ ఇన్‌స్పెక్టర్ లింగమూర్తి మీద పడింది.

సంచి గొప్పదే. లోపలి వంకాయల కన్నా దానికే ధర ఎక్కువ. వాడకపోతే జుర్మానా కట్టాలన్న భయంతో దుకాణదారులు కొన్నారు. వాడినవన్నీ గుంతలోకి చేరాయి.

ఎనభయ్యో రోజున లింగమూర్తి గుంత తవ్వించాడు. సంచులు పెళ్లికొడుకుల్లా మెరుస్తున్నాయి. వెంటనే సంచులు చేసిన కంపెనీ ఇంజినీరుకు ఫోన్ చేశాడు.

"మామూలు గుంతలో కరగవండీ. అరవై డిగ్రీల వేడి ఆగకుండా తగలాలి."

"గంత వేడి యాడికెళ్లి తేవాలె సార్?"

"బొగ్గు మండించండి."

పర్యావరణం కోసం మందమర్రి నుంచి రెండు లారీల బొగ్గు దిగింది. ఊరు మూడు రోజులు దగ్గింది. సంచులు కొద్దిగా ముడుచుకున్నాయి, అంతే.

నౌకరి పోతే ఇద్దరు బిడ్డల చదువు ఆగిపోతుందని లింగమూర్తికి అన్నం సహించలేదు. చివరికి గుంత పక్కనుండే సత్తవ్వ దగ్గరికి పోయాడు. ఆమెకు రెండు బర్రెలు, గుడిసె వెనక పెంటకుప్ప ఉన్నాయి.

"అవ్వా, గీ సంచులన్ని తీస్కపో. నీ పెంట జర గుంతల పొయ్యనియ్యి. నా నౌకరి నీ చేతులనే ఉన్నది."

"నా మక్కచేనుకు ఏం పొయ్యాలె బిడ్డా?"

"మంత్రి పోంగనే మళ్ల తోలిస్త."

సత్తవ్వ జాలిపడి సరేనంది. ఆ రాత్రే సంచులు ఆమె ఇంటికి, పెంట గుంతలోకి చేరాయి.

తొంభయ్యో రోజున మంత్రిగారు పిడికెడు ఎరువు తీసి వాసన చూశారు. "చూశారా! ప్లాస్టిక్ వాసనే లేదు" అన్నారు. పత్రికలవాళ్లు రాసుకున్నారు. ఆ ఎరువంతా హైదరాబాదు ఎగ్జిబిషన్‌కు పంపమని మంత్రిగారు సెలవిచ్చారు. సత్తవ్వ వంక చూడలేక లింగమూర్తి తల తిప్పుకున్నాడు.

అంతలో వాన దంచింది. అందరూ సత్తవ్వ గుడిసెలోకి ఉరికారు. మంత్రిగారు పైకి చూశారు. కప్పు నిండా సంచులు. సంచుల మీద తన ఫొటోలే వరుసగా నవ్వుతున్నాయి. ఒక్క చుక్క కారడం లేదు.

"గీ కప్పు ఏందవ్వా?" అని సత్తవ్వను అడిగారు.

"గీ సారు గుంతలకెళ్లి తెచ్చినయే. మూడు నెలలు మట్టిల పెట్టిన్రు, బొగ్గుల కాల్చిన్రు, జర గూడ ఖరాబు కాలే. మస్తు గట్టివి!"

మంత్రిగారు క్షణం ఆలోచించారు. బయటికొచ్చి గొడుగు కింద నిలబడి, ఆ సంచులతోనే పేదల ఇళ్లకు ఎన్నటికీ చెడని కప్పు వేసే పథకం ప్రకటించారు. దానికి ప్రత్యేకాధికారిగా లింగమూర్తిని అక్కడికక్కడే నియమించారు.

మర్నాడు పత్రికలో సంచి ఎరువైన వార్తా, సంచుల కప్పు వార్తా పక్కపక్కనే వచ్చాయి.