సోమక్క ఇంట్లో కాశీ పెట్టె

భోపాలపట్నంలో దశరథరామయ్య సేటు ఆ ఆదివారం పొద్దున చాయ్ గ్లాసు కింద పెట్టి, ఈ నెలలో కాశీకి పోయొద్దామని భార్యతో అన్నాడు. చింతపండు బస్తాలు లోపల పెట్టించు అన్నంత మామూలుగా అన్నాడు. బియ్యం చెరుగుతున్న రామసుబ్బమ్మ చేతిలో చాట ఆగిపోయింది.

ఆగదా మరి. వాళ్ల పెళ్లిలో, అందరు పెళ్లికొడుకుల్లాగే ఆయనా గొడుగు పట్టుకొని, పావుకోళ్లు తొడుక్కొని కాశీకి పోతానని బయల్దేరాడు. బామ్మర్ది అడ్డం పడి, బెల్లం ముక్క చేతిలో పెట్టి, మా పిల్లను చేసుకో బావా అని బతిమాలితే పందిరి దాటకుండానే తిరిగొచ్చాడు. అది ఆచారం, అందులో వింత లేదు. కానీ పీటల మీద కూర్చున్నాక కొత్త పెళ్లికూతురు తల దించుకొనే, నా వల్ల మీ కాశీ ఆగిపోయిందా అని అడిగింది. ఆగలేదు, ఒకనాడు నిన్ను తోలుకొనే పోతానన్నాడు ఆయన. ఆ మాటకు నలభై ఏళ్లు. ఈ మధ్యలో నాలుగుసార్లు బయల్దేరబోయారు. ఒకసారి అత్తగారు మంచం పట్టింది. ఒకసారి పిల్లలకు తట్టు పోసింది. ఒకసారి ఇంద్రావతి పొంగి దారి మూసేసింది. ఇంకోసారి ఎందుకు ఆగిందో ఆయన మర్చిపోయాడు గానీ ఆమె మర్చిపోలేదు, చెప్పలేదు కూడా.

ఇంతవరకు బాగానే ఉంది. ఆ మధ్యాహ్నం దుకాణానికి సరుకు తెచ్చిన లారీ డ్రైవర్ కాశీ చలి గురించి చెప్పాడు. అక్కడ చెంబులో నీళ్లు ఒలికిస్తే నేల మీద పడేలోపు గాజుముక్కలవుతాయట. ముక్కు తుడుచుకుంటే ముక్కే చేతికొస్తుందట. మే నెలలో రాళ్లు పేలే ఊళ్లో పుట్టి పెరిగిన దశరథరామయ్య ముక్కు తడుముకుంటూ ఇంటికొచ్చాడు. ఇల్లంతా వెతికితే పాత చీరలతో కుట్టిన బొంత ఒకటి దొరికింది గానీ ఉన్ని పోగు ఒక్కటి లేదు.

రామసుబ్బమ్మ ఎదురింటి సోమక్కతో ఈ మాట అనడమే తడవు, ఊరంతా పాకింది. మొదట బడిలో హిందీ చెప్పే చెన్నకేశవులు మాస్టారు తన కోతిటోపీ తెచ్చిచ్చాడు. కళ్లూ ముక్కూ తప్ప అంతా కప్పే టోపీ అది, రాయపూర్‌లో కొన్నది. అడగకుండానే తెచ్చావేంది మాస్టారూ అంటే, ఆయన కొంచెం సిగ్గుపడి, గంగలో మునిగేటప్పుడు తీయకండి, టోపీ మునిగితే నేను మునిగినట్టే కదా అన్నాడు.

అదీ మొదలు. కాశీకి పోలేని వాళ్లందరికీ ఆ ఆలోచన నచ్చింది. కంపౌండర్ రామనర్సయ్య ఎర్ర స్వెటర్ ఇచ్చాడు. రేంజర్ సాబు జవానుతో ఉన్ని కోటు పంపాడు. పూజలు చేయించే వెంకటనారాయణ పంతులు తన మఫ్లర్ తెచ్చి, దీన్ని రెండుసార్లు ముంచాలి, ఒకటి మా నాయన పేర అన్నాడు. ఎవరో చంటిపిల్ల మేజోళ్లు కూడా ఇచ్చారు. రామసుబ్బమ్మ ఎవరినీ కాదనలేదు. మంగళవారానికి ఊళ్లోని ఉన్ని అంతా వాళ్లింటి మంచం మీద గుట్టపడింది.

చివర అటవీ డిపో కావలి సుక్కా వచ్చాడు. నల్ల గొంగళి మడత పెట్టి గడప మీద పెట్టి, లోపలికి రాకుండానే నిలబడ్డాడు.

"ఇది నాది కాదమ్మా, మా ఇంటిదానిది. పోయిన వానల్ల పోయింది గదా. దాన్ని గంగల ముంచు."

రామసుబ్బమ్మ ఆ గొంగళిని మంచం మీద వేయలేదు, ఒళ్లో పెట్టుకుంది.

అదంతా సర్దేసరికి పెట్టె నిండింది, ఇక ముహూర్తం. వాళ్లు వెళ్లగలిగే బస్సు సోమవారానిది, సోమవారం మంచిది కాదన్నాడు పంతులు. గురువారం పొద్దున బాగుంది. దానికేముంది, గురువారమే ప్రస్థానం పెట్టెయ్యండి అన్నాడు. అంటే మంచి ఘడియలో సామాను గడప దాటించి వేరే ఇంట్లో పెడితే ప్రయాణం మొదలైనట్టే లెక్క. తర్వాత ఐదు రోజుల్లో మనుషులు ఎప్పుడు బయల్దేరినా సరే. కానీ ఆ పెట్టె మళ్లీ ఇంటికి రాకూడదు, మధ్యలో విప్పకూడదు. విప్పితే ప్రయాణం చెడినట్టే. గురువారం పొద్దున పెట్టె సోమక్క ఇంటికి చేరింది. దశరథరామయ్య దగ్గరుండి తాళం వేశాడు.

శుక్రవారం ముసురు పట్టింది.

అలాంటి ముసురు ఆ ఊళ్లో ఎవరూ ఎరుగరు. సన్నటి వాన, కత్తిలాంటి గాలి. మేకలు వంటిళ్లలోకి దూరాయి. ఊరి వెచ్చదనమంతా సోమక్క ఇంట్లో తాళం వేసి ఉంది. కాశీ పెట్టె విప్పమనే పాపం ఎవరు మూటగట్టుకుంటారు? అందుకని మాస్టారు నెత్తికి తువ్వాలు చుట్టుకొని వచ్చి, ఊరికే చూసి పోదామని వచ్చానంటూ సోమక్క అరుగు మీద కూర్చున్నాడు. కంపౌండర్ వచ్చాడు. పంతులు వచ్చాడు. అందరూ పెట్టెవైపు చూస్తూ, చలి ఏమంత లేదని ఒకరికొకరు చెప్పుకున్నారు. మాస్టారి పళ్లు మాత్రం ఆ మాటకు ఒప్పుకోలేదు.

తమ ప్రయాణమంటే వీళ్లకెంత ప్రేమ అని రామసుబ్బమ్మ కరిగిపోయి అందరికీ అల్లం చాయ్ పెట్టింది. చాయ్ ఉందని తెలిసి ఇంకో పదిమంది వచ్చారు. సోమక్కకు మాత్రం ఇదంతా వేరేగా తోచింది. శనివారం పొద్దున పెట్టెను తానే ఈడ్చుకొచ్చి అరుగు నడుమ పెట్టి, దాని మీద ఎక్కి కూర్చుంది.

"నేనేమన్న దొంగనా? పొద్దుమూకులు వచ్చి కావలి కాస్తున్నరు. చూస్కోండి మీ తాళం, మంచిగున్నదా లేదా."

నిజం చెబితే కాశీ ఆపమన్నట్టు, చెప్పకపోతే సోమక్కను దొంగ అన్నట్టు. దశరథరామయ్య ఆమెను సముదాయించబోయి, పాపం వాళ్లు మా మీద అభిమానంతో వచ్చారు సోమక్కా అన్నాడు. ఆ అభిమానులంతా చంకల్లో చేతులు పెట్టుకొని నేల చూపులు చూశారు.

అప్పుడే రామసుబ్బమ్మ గ్లాసులు లెక్కపెట్టుకుంటూ, అందరూ వచ్చారు, సుక్కా ఏడి అని అడిగింది. కంపౌండర్ కాసేపు నసిగాడు. నిన్నటి నుంచి జ్వరం, డిపో గుడిసెలో గోనెసంచి కప్పుకొని పడుకున్నాడు, మందిచ్చి వచ్చానన్నాడు.

"గోనెసంచి ఎందుకు కప్పుకుండు?" అంది రామసుబ్బమ్మ. అనగానే ఆమెకే తెలిసింది. అరుగు మీద ఒక్కొక్కరినే చూసింది. మాస్టారి తువ్వాలు చూసింది, పంతులు ఖాళీ మెడ చూసింది. రెండు రోజుల చాయ్ ఎందుకు తాగారో అప్పుడర్థమైంది.

తాళంచెవి మొగుడి మొలతాడుకు ఉంది. ఆయనను అడిగితే నలభై ఏళ్ల మాట ఆయన నోటితో చెడగొట్టించినట్టు అవుతుందనుకుందో ఏమో, అడగలేదు. సోమక్కను చెయ్యి పట్టి లేపింది. సోమక్క వంటింట్లోంచి పచ్చడిబండ తెచ్చి తాళం మీద ఒక్కటేసింది. తాళం ఊడింది. కాశీ ఐదోసారి ఆగిపోయిందని అందరికీ అర్థమైంది.

గొంగళి ముందు తీసి కంపౌండర్ చేతిలో పెట్టి, ఉరుకు అంది. తర్వాత ఎవరిది వాళ్లకు ఇస్తూ పోయింది. స్వెటర్, కోటు, మఫ్లర్. పెట్టె అడుగుకు వచ్చేసరికి మాత్రం ఆమె చెయ్యి ఆగింది.

అడుగున మూలకు మూలగా ఒక గొడుగు ఉంది. గుడ్డ వెలిసిపోయింది, రెండు పుల్లలు వంగాయి. పిడికి కట్టిన పసుపుదారం మాత్రం ఇంకా ఊడలేదు.

"ఇది ఎలకలు కొట్టేసినయంటిరి గదా."

దశరథరామయ్య వానవైపు చూస్తూ చెప్పాడు. "దుకాణం అటక మీద పెట్టిన. ఆనాడు దీన్ని పట్టుకొనే బయల్దేరిన గదా. మధ్యల ఆగిన ప్రయాణం, దాంతోనే పోదామనుకున్న."

రామసుబ్బమ్మ గొడుగు తీయలేదు, మూత వేయలేదు. అట్లాగే నిలబడింది.

మఫ్లర్ మెడకు రెండు చుట్లు చుట్టుకొని ప్రాణం కుదుటపడిన పంతులు పెట్టెలోకి తొంగి చూశాడు. "ఎవరి ప్రయాణమైతే వాళ్ల వస్తువు పెట్టాలె ప్రస్థానానికి. ఇంతసేపు ఇచ్చినవన్నీ ఊరోళ్లవి. వాటికి ప్రస్థానమే పట్టదు. మీదంటూ ఉన్నది ఆ గొడుగొక్కటే, అది కదల్లేదు. ఇంక చెడింది ఏంది?"

మఫ్లర్ లేకుండా ఇదే మాట అనేవాడో కాదో చెప్పలేం. కానీ ఎవరూ ఎదురు చెప్పలేదు. సోమక్క అయితే, ఈసారి కోపం లేకుండానే పెట్టె మూత వేసి దాని మీద కూర్చుంది.

మిగిలింది ఊరి పుణ్యం సంగతి. దానికీ సోమక్కే దారి చెప్పింది. గంగలో గుడ్డంతా మునగాలా, తలా ఒక పోగు ఇవ్వండి చాలదా అంది. ఎవరి ఉన్నిలోంచి వాళ్లు ఒక పోగు లాగి ఇచ్చారు. రేంజర్ సాబు కోటుకు పోగు రాకపోతే గుండీ తెంపి పంపాడు. కంపౌండర్ సుక్కా గొంగళి నుంచి నల్ల పోగు తెచ్చాడు, జ్వరం తగ్గుతోందనీ చెప్పాడు. అన్నీ కలిపి రామసుబ్బమ్మ కొంగున ముడివేసుకుంది.

సోమవారం బస్సెక్కి, గీదం మీదుగా జగదల్‌పూర్, అక్కడినుంచి రాయపూర్, రాయపూర్‌లో రైలు. ఇద్దరికీ కలిపి ఒకటే బొంత, ఒకటే గొడుగు. కాశీలో నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి, ముక్కులు ముఖాల మీదే ఉన్నాయి. చలి మాత్రం ఉంది. గట్టు మీద బొంత సగం తన మీదికి లాక్కోకుండా, నాకేం చలి లేదని దశరథరామయ్య వణుకుతూ అన్నాడు. ఆమె నమ్మినట్టే తల ఊపి, బొంత ఆయన భుజం మీదుగా కప్పి, దగ్గరికి జరిగి కూర్చుంది. కొంగు ముడిని గంగలో ముంచినప్పుడు ఒక్కో పోగుకూ పేరు చెప్పింది. పంతులు పోగును రెండుసార్లు ముంచింది. నల్ల పోగు దగ్గర సుక్కా భార్య పేరు అడగడం మర్చిపోయానని గుర్తొచ్చి, సుక్కా ఇంటిదానా, నువ్వే వచ్చి మునుగు తల్లీ అంది.

వాళ్లు తిరిగొచ్చేసరికి ముసురు పోయింది. సుక్కా గొంగళి కప్పుకొని బస్సు దగ్గరే నిలబడి ఉన్నాడు. చెన్నకేశవులు మాస్టారు కూడా వచ్చాడు. పోగు లాగిన రోజు నుంచి రోజుకో వరస ఊడిపోతూ, ఆయన కోతిటోపీ అప్పటికి నడినెత్తి మీద చిన్న గిన్నె అంత మిగిలింది.