కార్డు మరిచిన శిక్షణాధికారి

ఆ ఉదయం శిక్షణాధికారి గారు కొత్త ప్యాంటు మడత నలగకుండా, గాజుబొమ్మను మోస్తున్నంత జాగ్రత్తగా తనను తాను ఆఫీసుకు మోసుకెళ్ళారు. కంపెనీకి ఆరోజు ఆడిటర్ వస్తున్నాడు. పరాయివాళ్ళ కంప్యూటర్లను కంటికి రెప్పలా కాచుకోవడమే కంపెనీ వ్యాపారం. ఆడిటర్ నుంచి సమాచార భద్రత సర్టిఫికెట్ రాకపోతే పెద్ద క్లయింటు వెళ్ళిపోతాడు. ఆ వెనకాలే శిక్షణాధికారి ఉద్యోగమూ వెళుతుందని ఎండీ గారు నవ్వుతూనే చెప్పారు. అందుకని నెలరోజులుగా ఆయన ఆఫీసులో సిబ్బందికీ, ఇంట్లో భార్యకూ ఒకే పాఠం నూరిపోశారు. మనిషిని నమ్మకండి, రుజువును నమ్మండి.

ఆఫీసు గుమ్మం దగ్గర తడుముకుంటే జేబు ఖాళీ. గుర్తింపు కార్డు, ఫోను, కళ్ళజోడు అన్నీ నిన్నటి ప్యాంటులోనే ఉండిపోయాయి.

“తలుపు తియ్యమ్మా, నేనే.”

“కార్డు సార్?” అంది అద్దం అవతలనుంచి రిసెప్షనిస్టు అమ్మాయి.

“ఇంట్లో మర్చిపోయా. రోజూ నన్ను చూస్తూనే ఉన్నావుగా!”

“తెలిసిన మొహమని మొహమాటపడొద్దని మీరేగా చెప్పారు సార్.”

మెట్ల మీద చేతిసంచితో నిలబడ్డ ఒక పెద్దమనిషి జాలిపడి తన ఫోను ఇచ్చాడు. శిక్షణాధికారి దాంతో తన ఇంటికి ఫోను చేశారు.

“నేనేనే! నిన్నటి ప్యాంటులో నా కార్డుంది. ఎవరిచేతనైనా పంపించు.”

“నంబరు చూస్తే కొత్తది. గొంతు చూస్తే అచ్చం మా ఆయనదే,” అంది భార్య. “అలాంటప్పుడే జాగ్రత్తగా ఉండాలన్నారు.”

“ఆ మాట అన్నది నేనేనే తల్లీ!”

“అయితే చెప్పండి, రాత్రి ఏం కూర తిన్నారు?”

రాత్రి ఆయన ఒక చేత్తో తింటూ రెండో చేత్తో పాఠాలు తిరగేశారు. ఇప్పుడు కళ్ళు మూసుకుని, “క్యాబేజీ” అన్నారు.

“బంగాళాదుంప. అడిగి మరీ మారు వేయించుకున్నారు. ఇంత ధీమాగా తప్పు చెప్పేది మా ఆయనొక్కరే. అయినా నియమం నియమమే, ఉంటానండీ.”

అమ్మాయికే మనసు కరిగింది. “మీ ఆఫీసు మెయిల్‌లోంచి ఎండీ గారికి రాయండి సార్. ఆయన సరేనంటే తీస్తా.”

“కళ్ళజోడు లేదు, కాస్త మీరే కొట్టండి సార్,” అని ఆయన పెద్దమనిషికి ఫోను అందించారు. “పాస్‌వర్డు మా ఆవిడ ముద్దుపేరు, పక్కన ఒకటీ రెండూ మూడూ,” అంటూ ఆ ముద్దుపేరును వీధి చివరిదాకా వినిపించారు. అద్దం అవతల అమ్మాయి, నేర్పిన ప్రకారం, రెండు చెవులూ మూసుకుంది.

పెద్దమనిషి ఏమీ కొట్టలేదు. ఫోను జేబులో వేసుకుని, సంచిలోంచి తన కార్డు తీసి అద్దానికి ఆనించాడు. ఆడిటర్! అమ్మాయి ఆ ఆడిటర్ పనిచేసే ఆఫీసుకు ఫోను చేసి నిర్ధారించుకుని, అతనొక్కణ్ణే లోపలికి రానిచ్చి తలుపు వేసేసింది. శిక్షణాధికారి మెట్ల మీదే కూర్చున్నారు.

సాయంత్రానికి సర్టిఫికెట్ వచ్చింది. ఇంత గట్టి సిబ్బందిని ఎక్కడా చూడలేదన్నాడు ఆడిటర్. ఒకే ఒక్క షరతు పెట్టాడు, శిక్షణాధికారికి శిక్షణ ఇప్పించాలని. ఉద్యోగం నిలిచింది. పాఠం చెప్పే పని రిసెప్షనిస్టు అమ్మాయికి అప్పగించారు.

“రేపు టైముకి రండి సార్, కార్డుతో,” అందా అమ్మాయి.

ఆయన ఇంటికొచ్చి తలుపు కొట్టారు.

“రాత్రి కూర?” అంది లోపలినుంచి భార్య.

“బంగాళాదుంప!” అన్నారాయన, ఈసారి తడుముకోకుండా.

సరైన జవాబు విని ఆవిడ రెండో గొళ్ళెం కూడా వేసింది.