మంత్రిగారి యువరాణి ఎదకొచ్చిన వేళ

పశుసంవర్ధక శాఖ మంత్రిగారు పత్రికలవారిని బంగళాకు పిలిపించి గంభీరంగా ప్రకటించారు. "మా యువరాణి ఎదకొచ్చింది. పరిస్థితి పూర్తిగా ప్రభుత్వ అదుపులో ఉంది."

యువరాణి ఆయన పెంపుడు కుక్క. ఎదురింట్లో అద్దెకుంటున్న పుణ్యాన ఈ చారిత్రక ఘట్టాన్ని కళ్లారా చూసే భాగ్యం నాకు దక్కింది. ఇందులో మంత్రిగారి కుర్చీ కూడా ఇమిడి ఉంది. మంత్రివర్గంలో మార్పులు రాబోతున్నాయని, ఊడే కుర్చీల్లో మొదటిది వీరిదేనని వినికిడి. అందుకే యువరాణికి పుట్టబోయే మేలుజాతి పిల్లను అధినేతకు కానుకగా ఇస్తానని ముందే మాటిచ్చేశారు. ఆలు లేదు చూలు లేదన్న సామెత రాజకీయాలకు వర్తించదు.

వీధి మొదట్లో బారికేడ్లు వెలిశాయి. వీధికుక్కలను తరమడానికి కానిస్టేబుళ్లు లాఠీలతో దిగారు. మా ఒంటిచెవికీ నాలుగు తగిలాయి. అది నా గుమ్మంలో పడుకునే వీధికుక్క. దానికి ఒక చెవి నిలబడి, రెండోది వాలి ఉంటుంది. నాకు ఒళ్లు మండింది. పైకి మాత్రం మంత్రిగారికి నమస్కారమే పెట్టాను.

మేలుజాతి పెళ్లికొడుకు ఏసీ కారులో దిగాడు. యువరాణి హాలంతా నెత్తుటి మరకలు చేస్తున్న రోజులవి. అతగాడు దగ్గరికి రాగానే ముక్కు మీద కరిచింది.

"సిగ్గు. మా ఇంటి పెంపకం అలాంటిది," అన్నారు మంత్రిగారు.

కొన్నాళ్లకు మరకలు పలచబడ్డాయి. వెంటనే రివ్యూ మీటింగ్ పెట్టారు. బారికేడ్ల వల్ల పాల వ్యాను రావడం లేదని మొరపెట్టుకోవడానికి వెళ్లి నేనూ అక్కడే ఉన్నాను.

"ఎరుపంటే ప్రమాదం. మరి ఎరుపు పోతే?" అని అడిగారు మంత్రిగారు.

"ప్రమాదం పోయినట్టే సార్," అన్నాడు పీఏ.

పశువైద్యుడు గొంతు సవరించుకున్నాడు. "అసలు సంగతి ఇప్పుడే మొదలవుతుంది సార్. మరక పలచబడ్డాకే ఆడకుక్క మగకుక్కని దగ్గరికి రానిస్తుంది. కాపలా కావాల్సిందీ ఇప్పుడే, పెళ్లికొడుకు కావాల్సిందీ ఇప్పుడే. ఇంతవరకూ జరిగింది కరవడమే కదా."

"కరిచినా కాపురం కాపురమే," అన్నాడు పీఏ.

"డాక్టరుగారూ, మీ ట్రాన్స్‌ఫర్ సంగతి నేనే చూడాలనుకుంటా," అన్నారు మంత్రిగారు.

"ప్రమాదం పోయింది సార్," అన్నాడు డాక్టరు. శాస్త్రం అంత వేగంగా ముందడుగు వేయడం నేనెప్పుడూ చూడలేదు.

బారికేడ్లు ఎత్తేశారు. పెళ్లికొడుకును ఘనంగా సాగనంపారు. "ఆపరేషన్ సక్సెస్," అని మంత్రిగారు బాల్కనీలోంచి విలేకరులకు చెబుతుండగా, యువరాణి తెరిచిన గేటులోంచి బయటికొచ్చి, తోక ఓ పక్కకు పెట్టి మా గుమ్మం వైపు నడిచింది. ఒంటిచెవి లేచి ఒళ్లు విరుచుకుంది. ప్రభుత్వ వ్యవహారాల్లో తలదూర్చే అలవాటు నాకు లేదు.

నెలలు నిండి పిల్లలు పుట్టాయి. అన్నిటికీ ఒక చెవి నిలబడి, రెండోది వాలి ఉంది. మంత్రిగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. మాటిచ్చారు కనుక ఓ పిల్లను పట్టుకెళ్లారు.

అధినేత దాన్ని ఎత్తుకుని ముచ్చటపడ్డారు. "నా మాటకి ఒక చెవి నిలబెట్టింది. జనం మాటకి రెండోది వాల్చేసింది. ఇలాంటివాళ్లే నాకు కావాలి. మంత్రులందరికీ తలా ఒకటి ఇప్పించండి."

కుర్చీ నిలిచింది. ఆ పిల్లలది తమ శాఖ ఏళ్ల తరబడి శ్రమించి సృష్టించిన కొత్త జాతి అని మంత్రిగారు ప్రకటించారు. ఆ సాయంత్రమే డాక్టరును వెంటబెట్టుకుని మా గుమ్మానికొచ్చి చేతులు జోడించారు.

"మీ ఒంటిచెవిని ప్రభుత్వ అతిథిగా పంపాలి. దేశానికి దాని సంతానం అవసరం."

"పోయిన నెల మీ శాఖ వ్యానే దీన్ని తీసుకెళ్లి, మళ్లీ తెచ్చి దింపింది సార్. వీధికుక్కల సంతాన నిరోధ శిబిరానికి రిబ్బను కత్తిరించింది మీరే. మొదటి కోత దీనికే పడింది," అన్నాను.

మంత్రిగారు డాక్టరు వైపు తిరిగారు.

"ఆపరేషన్ సక్సెస్ సార్," అన్నాడు డాక్టరు.