సెల్ఫ్ మార్చారు

బొగ్గు గనిలో పద్నాలుగో నంబరు డోజరుకు పాత స్టార్టర్ మోటారు తీసేసి, దాని స్థానంలో ఆపరేటర్ ఆరెపల్లి ఓదెలును బిగించారు.

ఇందులో ఎవరి తప్పూ లేదు. ఆ గనిలో స్టార్టర్ మోటారును అందరూ సెల్ఫ్ అనే అంటారు. తాళం తిప్పితే టక్కుమని ఊరుకుంటోందని ఓదెలే ఫిర్యాదు రాశాడు. 'బదులుగా ఏమి కావాలి' అన్న గడిలో 'సెల్ఫ్' అని రాసి, కింద సంతకం పెట్టాడు. బ్యాంకు చెక్కు మీద సెల్ఫ్ అని ఉంటే సంతకం చేసినవాడనే కదా అర్థం. స్టోర్సు గుమాస్తా చదువుకున్నవాడు, అలాగే అర్థం చేసుకున్నాడు.

పని పద్ధతిగా జరిగింది. ముందు బ్యాటరీ తీగ ఊడదీశారు. మనిషి ప్రాణం మీదికి తెచ్చేంత తొందర వాళ్లకు లేదు. మూడు బోల్టులు విప్పి పాత మోటారును దించి, అవే బోల్టులతో ఓదెలును ఇంజను పక్కన బిగించారు. తాళం తిప్పగానే అతను రెండు చేతులతో ఫ్లైవీల్ చక్రం పళ్లు పట్టి తిప్పాలి. ఇంజను అందుకోగానే వదిలేయాలి. ఫోర్‌మన్ చూసి ముచ్చటపడ్డాడు.

ఓదెలుకు ఒకటే బెంగ. గురువారం భార్య లచ్చవ్వకు గుండె ఆపరేషన్. పక్కనే ఉంటానని మాటిచ్చాడు. సెలవు కూడా మంజూరైంది. బిగించిన మెకానిక్ సాంబయ్యనే అడిగాడు.

"సాంబన్నా, కొత్త సెల్ఫ్ ఎప్పుడొస్తదే? లచ్చవ్వ ఒక్కతే భయపడ్తది."

"బుధారం వస్తదన్నరు తమ్మీ. రాంగనే నిన్ను ఇప్పుత."

చెప్పినట్టే బుధవారం కొత్త మోటారు వచ్చింది. కాని స్టార్టర్ ఖాళీ అప్పటికే భర్తీ అయిపోయింది. ఖాళీగా ఉన్నది ఆపరేటర్ సీటు. మోటారును అందులో కూర్చోబెట్టి, ఓదెలు పేరుతో హాజరు వేశారు. సాంబయ్య ఓదెలును విప్పడానికి స్పానరు పట్టుకొచ్చాడు. భర్తీ ఉత్తర్వు చదివి వినిపిస్తే విని, వెళ్లిపోయాడు.

ఆపరేటర్‌కు సెలవు మంజూరై ఉంది కనుక, గురువారం మోటారు ఆసుపత్రికి వెళ్లింది.

శుక్రవారం సాంబయ్య ఇంజను దగ్గర వంగి కబురు చెప్పాడు. ఆపరేషన్ బాగా జరిగింది. తెలివి రాగానే లచ్చవ్వ పక్కకు తిరిగి, మోటారు మీద చెయ్యి వేసి ఏడ్చిందట.

"ఏమన్నదే?" అన్నాడు ఓదెలు.

"ఇరువై ఏండ్లల్ల ఒక్కసారన్న సెలవు దొరికింది నీకు, అన్నది."

పైన సీట్లో, సెలవు ముగించుకొచ్చిన ఆపరేటర్ తాళం తిప్పాడు. ఓదెలు చేతులు చాపాడు.