జూన్ నెల మేనత్త

జూన్ నెలను పన్నెండు నెలలకు పొడిగించాలని ఈ కాలమ్ తరఫున డిమాండ్ చేస్తున్నాం. నవ్వకండి. మగవాణ్ని ప్రేమించిన మగవాళ్ళూ, ఆడమనిషిని ప్రేమించిన ఆడవాళ్ళూ తమ దగ్గర కూడా పనిచేస్తున్నారని కంపెనీలకు గుర్తొచ్చే నెల ఏడాదికి అదొక్కటే. ముప్ఫై రోజులపాటు కంపెనీ బోర్డులన్నీ ఇంద్రధనుస్సు రంగుల్లోకి మారిపోతాయి. అదంతా ప్రచారం కోసమేనని గొణిగేవాళ్ళు నంద్యాల విష్ణుప్రియకు ఏం జరిగిందో తెలుసుకోవాలి.

విష్ణుప్రియ ఒక విత్తనాల కంపెనీ నంద్యాల బ్రాంచిలో, గింజల మొలకశాతం చూసే ల్యాబ్‌కు ఇన్‌ఛార్జి. ముప్ఫై నాలుగేళ్ళ మనిషి. సంజీవనగర్‌లో ఓబులమ్మ గారి ఇంటి మేడమీద, సాత్వికతో కలిసి ఎనిమిదేళ్ళుగా ఉంటోంది. సాత్విక రోజూ పొద్దున్నే బస్సెక్కి ఆళ్ళగడ్డ పోయి, అక్కడి కాలేజీలో ఫిజిక్స్ చెప్పి వస్తుంది. ఆఫీసులో అడిగినవాళ్ళకు సాత్విక "రూమ్మేట్". ఎంత చల్లని మాట! ఆ ఒక్క మాట చెబితే చాలు, రెండో ప్రశ్న రాదు.

ఈ ఏడు జూన్‌లో హైదరాబాద్ హెడ్డాఫీసు తన ప్రేమను నంద్యాల దాకా పంపింది. అందరి కంప్యూటర్ల మీదా రంగుల వాల్‌పేపర్ పడింది. ఏడు రంగుల కేకు బస్సులో బయల్దేరింది. నంద్యాల ఎండకు ఏడు రంగులూ ఏకమై, దిగేసరికి రాగిసంకటి రంగుకు వచ్చింది. కలిసిపోవడమంటే అదే కదా! ఓ వెబ్ సిరీస్‌లో ఇంకో అమ్మాయిని ప్రేమించే పాత్ర వేసిన హీరోయిన్ ఆన్‌లైన్లో వచ్చి, "మీరు మీలాగే ఉండండి" అని గంటసేపు చెప్పింది. హాజరు తప్పనిసరి. నాలుగింటిలోగా తమలాగే ఉండనివాళ్ళకు రిమైండర్ కూడా వెళ్ళింది. అందరినీ కలుపుకుపోయే కంపెనీల జాబితాలో ఆ కంపెనీది దేశంలో రెండో స్థానమని బిజినెస్ పేజీల్లో వార్త పడింది.

అదే వారం విష్ణుప్రియకు మహారాష్ట్రలోని అకోలాకు ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వచ్చింది. ఆగస్టు ఒకటిన చేరాలి. కుటుంబం ఉన్నవాళ్ళను కదిలించరాదని కంపెనీ రూలు. కంపెనీ లెక్కలో విష్ణుప్రియకు కుటుంబం లేదు.

"నేనూ వస్తా పా," అంది సాత్విక ఆ సాయంత్రం. "ఆడ ఫిజిక్స్ మరాఠీలో చెప్తా."

ఇద్దరూ నవ్వారు. కానీ వెళ్ళడం కుదిరే పని కాదు. సాత్వికది పదకొండేళ్ళ ఉద్యోగం. పైగా వాళ్ళమ్మ ఆళ్ళగడ్డలోనే ఉంది.

మర్నాడు విష్ణుప్రియ బ్రాంచి మేనేజర్ లక్ష్మీనరసింహం గదిలోకి వెళ్ళింది. ఆయనది అహోబిలం. గుడి సేవలో ఉన్న కుటుంబం, నుదుట నామం లేకుండా ఆఫీసుకు రాడు.

"సార్, సాత్విక నా రూమ్మేట్ కాదు. మేమిద్దరం కాపురం చేస్తాండాం."

ఆయన కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఎన్నేండ్లుగా?"

"ఎనిమిదేండ్లు సార్."

"మా ఇంటికొచ్చి పులిహోర బాగుందని రెండుసార్లు పెట్టించుకున్న పాపేనా?"

"ఆ పాపే సార్."

ట్రాన్స్‌ఫర్ ఆపమని ఆమె రాసుకొచ్చిన అప్లికేషన్‌ను ఆయన దగ్గరికి లాక్కున్నాడు. "నాకిది తలకెక్కల్లేదమ్మా. ఎక్కల్లంటే రెండు మూడు నెల్లు పడ్తాది. ఆ లోపల నిన్ను అకోలాకు ఎత్తుకపోతారు. కాబట్టి ముందు సంతకం పెడ్తా, నిదానంగా ఆలోచిస్తా."

అప్లికేషన్ హెడ్డాఫీసుకు చేరింది. రెండో రోజే హెచ్.ఆర్. అభిషేక్ వీడియో కాల్‌లోకి వచ్చాడు. వెనక ఇంద్రధనుస్సు తెర.

"చాలా ఇన్‌స్పైరింగ్ మేడమ్. మీ ధైర్యానికి మా టీమంతా చప్పట్లు కొట్టింది. మ్యారేజ్ సర్టిఫికెట్ ఒక్కటి అప్‌లోడ్ చేయండి, చాలు."

"మాకు అది ఇచ్చే ఆఫీసు యాడుందో చెప్పండి. రేపే పోయి తెచ్చుకుంటాం."

అభిషేక్ ఆలోచించాడు. "మంచి పాయింట్ మేడమ్. కమిటీకి పంపుతాను."

కమిటీ వారానికో కాగితం అడిగింది. అద్దె అగ్రిమెంటు, గ్యాస్ బుక్కు, ఇద్దరి ఆధార్ కార్డుల్లో ఒకే అడ్రసు. చివరికి ఇంటి యజమాని నుంచి ఉత్తరం. ఓబులమ్మను ఎలా అడగాలో తెలియక విష్ణుప్రియ రెండు రోజులు మెట్లెక్కి దిగుతూనే ఉంది. మూడో రోజు ఆమే పిలిచింది.

"ఏందీ పాపా, నోట్లో మాట నోట్లోనే పెట్టుకుని తిరుగుతాండావ్?"

విష్ణుప్రియ చెప్పేసింది.

"నాకు తెలీదనుకుంటాండారా మీరు? ఎనిమిదేండ్లు మీ కింద ఉండా. ఫ్యాను ఎంత స్పీడు పెట్టల్లని మీరిద్దరూ కొట్లాడుకునేది విన్నోళ్ళెవరైనా ఆలుమగలనే అంటారు. రాయి, ఆ మాటే రాయి. వేలుముద్ర కావల్లన్నా వేస్తా."

ఆ మాటే రాసి పంపారు. జూలై ఇరవై మూడున కమిటీ జవాబు వచ్చింది. 'మీ కథ మా మనసుల్ని కదిలించింది. పాలసీ ఇంకా పరిశీలనలో ఉంది. అకోలాలో మీకు అంతా మంచే జరగాలి. మా కొత్త ప్రచారానికి మీ ఇద్దరి ఫోటో పంపగలరు.'

సాత్విక దాన్ని రెండుసార్లు చదివింది.

"ఫోటో కింద నన్ను ఏమని రాస్తారంట?"

"'ఆమె జీవన సహచరి' అని."

"ట్రాన్స్‌ఫర్ ఫారంలో?"

"ఆడ నువ్వు లేవు."

సాత్విక లేచి వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెల్నే మళ్ళీ కడిగింది.

మర్నాడు లక్ష్మీనరసింహం జవాబు చదివి, బీరువాలోంచి ఇంకో ఫారం తీశాడు. ఇంట్లో తమ మీద ఆధారపడిన ముసలివాళ్ళున్నవాళ్ళకు మినహాయింపు ఇచ్చే ఫారమది. ఆయన జన్మలో ఎవరికీ దొంగ సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఆ రోజు మాత్రం తడుముకోకుండా రాశాడు. పేరు, ఓబులమ్మ. బంధుత్వం, మేనత్త. జబ్బు, మోకాళ్ళ నొప్పులు.

"సార్, ఆమె నాకు ఏమీ కాదు," అంది విష్ణుప్రియ.

"నాకు తెల్సు. వాళ్ళడగరు."

నిజంగానే అడగలేదు. పదకొండింటికి పంపితే, భోజనాల వేళకు ట్రాన్స్‌ఫర్ రద్దయింది. ఒక్క కాగితం అడిగితే ఒట్టు! నిజం చెబితే ఐదు వారాలు, నాలుగు రుజువులు, ఒక కమిటీ. అబద్ధానికి రెండు గంటలు. అంత దయగల కంపెనీని పట్టుకుని మీరెలా గొణుగుతారో నాకు అర్థం కాదు.

విష్ణుప్రియ ల్యాబ్‌లోకి పోయి తలుపేసుకుని ఏడ్చింది. ఉండిపోతున్నందుకా, ఇలా ఉండిపోతున్నందుకా అంటే ఆమే చెప్పలేకపోయింది. ఫోటో మాత్రం పంపలేదు.

ఆ ఆదివారం అభిషేక్ మర్యాద కొద్దీ ఫోన్ చేశాడు. మేనత్త గారి ఆరోగ్యం కనుక్కుంటాడట. పక్కనే చిక్కుడుకాయలు తుంచుతున్న ఓబులమ్మ ఫోన్ అందుకుంది.

"నా మోకాళ్ళ సంగతి నేను చూసుకుంటాలే నాయనా. ఈ పిల్లలిద్దరి పేర్లూ ఒక కాగితం మీద రాసేదానికి మీకేం నొప్పి?"

అవతల ఏదో అన్నాడు. ఆమె విని, ఫోన్ తిరిగిచ్చేసి, చిక్కుడుకాయల పళ్ళెం దగ్గరికి లాక్కుంది.

"ఏమన్నాడు?" అంది సాత్విక.

"రాసుకున్నా అన్నాడు పాపా. యాడ రాసుకున్నాడో నేను అడగల్లేదు."