మదార్ మొక్కు

ఆ గురువారం మదార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. నంద్యాలలో ఆరింటి బస్సెక్కాలి. ఆళ్లగడ్డలో యశోదమ్మ ఇంటికి పోయి, కూతురి పెళ్లికి చేరిన నలభై మంది ఆడవాళ్లకు గాజులు తొడిగి, సాయంత్రం బస్సుకు తిరిగి రావాలి. పదకొండేళ్లుగా ఆ ఇంట గాజులు తొడిగేది అతనే. ఒక్కసారి పోకపోతే చాలు, బండి ఆత్మకూరు నుంచి మహబూబ్ గాజుల మలారం భుజాన వేసుకుని వచ్చి ఆ గడపలో కూర్చుంటాడు. కూర్చున్నాడంటే ఇక లేవడు.

అడ్డం వచ్చింది ఒకటే. మదార్ వేళ్ల సందుల్లో గజ్జి.

ముందురోజే నంద్యాల డాక్టరు చూసి తేల్చేశాడు. "కంటికి కనపడని పురుగప్పా, తోలు కింద బొక్క చేసుకోని కాపురం పెడ్తాది. సిగ్గెందుకు? లోకమంతా ఉండేదే, యుద్ధంలో దొరల సైన్యానికే తప్పలేదు. ఈ తెల్లమందు మెడ కాడ్నుంచి కాలిగోరు దాకా మూడు దినాలు పూసుకో. ఇంట్లో అందరూ ఒకే పూట పూసుకోవాల, ఒక్కరు మిగిల్నా మళ్లా మొదటికే. కట్టుకునేవి, కప్పుకునేవి అన్నీ ఉడకబెట్టు. ఎవరి చెయ్యీ పట్టుకోవద్దు."

"చెయ్యి పట్టుకోకుండా గాజులెట్ల తొడిగేది సామీ?"

దానికి డాక్టరు దగ్గర మందు లేదు.

రాత్రి మొగుడూ పెళ్లామూ మందు పూసుకున్నారు. పొద్దున భార్య హుసేనమ్మ అతని రెండు చేతులకూ ఉడకబెట్టి ఆరేసిన తెల్లగుడ్డ మణికట్టు దాకా చుట్టి ముడి వేసింది.

"ఎవరన్నా అడిగితే ఏం చెప్తావు?"

"కాలిందంటా."

"కాలిన చేతుల్తో గాజులు తొడుగుతారా యాడన్నా?"

పాపం, మదార్ దారి పొడుగునా జవాబు వెతుక్కున్నాడు. బస్సు ఆళ్లగడ్డ చేరింది గానీ జవాబు దొరకలేదు.

అందరికంటే ముందు చెయ్యి చాపింది యశోదమ్మ అత్త వెంకటలక్ష్మమ్మ. చాపిన చెయ్యి చాపినట్టే ఉంచి అడిగింది. "ఏంది మదారూ, ఆ గుడ్డలు?"

మదార్ నోట తాను కలలో కూడా అనుకోని మాట వచ్చింది. "మొక్కుండాదమ్మా. పాప కాపురం చల్లగుండాలని దర్గాకు మొక్కుకున్న్యా. ఈ పెళ్లికి ఉత్త చేతుల్తో గాజులు తొడగను."

ముసలమ్మ కళ్లు చెమర్చాయి. "మన బిడ్డ కోసరం మొక్కినాడంటనే!" అని వీధి చివరి దాకా వినపడేలా కేకేసింది. అంతే, ఇరుగూ పొరుగూ అంతా మొక్కు గాజుల కోసం వచ్చి పడ్డారు. మధ్యాహ్నానికి నలభై మంది తొంభై అయ్యారు. ఎవరో సాంబ్రాణి పొగ వేశారు. ఆ జనానికీ, ఆ పొగకూ ఉక్క పుట్టి గజ్జి రేగింది. గోక్కుందామంటే గుడ్డ. తొంభై మంది చూస్తున్నారు. మదార్ పళ్లు బిగించాడు, భుజాలు అదిరాయి, తల దానంతటదే ఊగింది.

"సామి వచ్చినాడే!"

ఎవరో నిమ్మకాయలు తెచ్చారు. ఒకామె ముందుకొచ్చి చేతులు జోడించింది. "మా ఎద్దు తప్పిపోయి నాలుగు దినాలాయ, దొరుకుతాదా సామీ?"

"వస్తాది, వస్తాది, పో!" అన్నాడు మదార్, దురద తట్టుకోలేక.

ఖర్మ కాకపోతే ఆ ఎద్దు పది నిమిషాల్లో ఇల్లు చేరింది.

ఇంత జరుగుతున్నా యశోదమ్మ గానీ పెళ్లికూతురు గానీ గది దాటి రాలేదు. మదార్ ఆ గది తలుపు వైపు చూశాడు. ఆమెకు తెలిసిపోయింది! రేపటి నుంచి ఈ గడపలో మహబూబే. అనుకుంటుండగానే గదిలోంచి పిలుపు వచ్చింది.

యశోదమ్మ తలుపు దగ్గరగా వేసింది. "మదారన్నా, నీ మీద సామి ఉండాడు. నాతో నిజమే చెప్పాల."

ఇక దాచలేననుకుని మదార్ నోరు తెరిచాడు. అంతలో ఆమె కొంగు కింద నుంచి చేతులు బయటపెట్టింది. వేళ్ల సందుల్లో ఎర్రటి పొక్కులు. పక్కన తలొంచుకుని కూర్చున్న పెళ్లికూతురి చేతులూ అంతే.

"రెణ్నెల్లాయ. ఇంట్లో అందరం గోక్కుంటాండాం, ఒకరికొకరం చెప్పుకోం. నీకు చెయ్యిస్తే ఊరంతా చెప్తావని భయం. మగపెళ్లోళ్లకు తెలిస్తే ఈ పెళ్లి నిలబడ్తాదా? ఇది యాడ్నుంచి వచ్చిందో సామిని అడుగన్నా!"

నెల కిందట నిశ్చితార్థం నాడు, పొక్కులింకా పైకి తేలక ముందు, ఈ తల్లీకూతుళ్ల చేతులనే అరగంట సేపు పిసికి పిసికి గాజులు తొడిగిన సంగతి మదార్‌కు అప్పుడు గుర్తొచ్చింది. పళ్లతో ముడి విప్పి తన చేతులు చూపించాడు.

"నీకూనా!"

"నాకూనమ్మా. యాడ్నుంచి వచ్చిందో మాత్రం సామికి గూడా తెలీదంట."

తర్వాత మదార్ డాక్టరు మాటలన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు.

"అందరూ ఒకే పూట పూసుకోవాలంటే, ఇంతమంది చుట్టాలకు ఏమని చెప్పేది?"

"పెళ్లికి నలుగు పెట్టరామ్మా?" అని మదార్ మళ్లీ గుడ్డలు చుట్టుకున్నాడు. ఊగుతూ బయటికొచ్చి కేకపెట్టాడు. "తెల్లనలుగు! మెడ కాడ్నుంచి కాలిగోరు దాకా! మూడు దినాలు! ఈ ఇంట్లో ఒక్కరు తప్పినా ఊరుకోను! దుప్పట్లు ఉడకబెట్టండి!"

ఎద్దు వచ్చాక ఎదురు చెప్పేదెవరు? సాయంత్రం బస్సులో నంద్యాల నుంచి యశోదమ్మ తెప్పించిన తెల్లమందు సీసాలు దిగాయి. వంటమనిషితో సహా అందరూ పూసుకున్నారు. సోమవారం పెళ్లి ఏ ఆటంకమూ లేకుండా జరిగింది. పందిట్లో అక్కడక్కడ ఎవరైనా గోక్కుంటే దోమలన్నారు.

శ్రావణమాసంలో మదార్ నున్నటి చేతులతో, నిశ్చింతగా ఆ ఇంటికి వెళ్లాడు. వెంకటలక్ష్మమ్మ చాపిన చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కుంది. "గుడ్డలు యాడ మదారూ?" అంది. ఆమె వెనకున్న వాళ్లూ చేతులు కొంగుల్లో దాచుకున్నారు. మదార్ నిట్టూర్చి భుజం మీది తువ్వాలు రెండుగా చింపాడు.

గజ్జి నెలలో పోయింది. మొక్కు మాత్రం ఇంకా పోలేదు.